పదునైదేండ్లకును ఏబదియేండ్లకును నడుమ

సిద్దిపేటనుండి రాజీవ్ రహదారి మీదుగా కరీంనగరు వైపునకు వెడలునపుడు, ఇండ్లు పలుచబడి ట్రాక్టరు విడిభాగముల దుకాణములును లేతు మిషను షాపులును మొదలగుచోట, రేకులకప్పు వేసిన యొక షెడ్డు కలదు. దాని యజమాని నాకంటె పదియేండ్లు చిన్నవాడైనను ఇనుము విషయమున నాకు గురుతుల్యుడు గనుక, అందఱివలెనే నేనును అతనిని ఉస్తాదనియే పిలుచుచుందును. గడచిన యెండకాలమున నొకనాటి యుదయము, నా పాతజీపునకు క్లచ్ ప్లేటు మార్పించుకొనుటకై అచ్చట కూర్చుండియుండగా, హైదరాబాదులో కొలువు చేయుచు వారాంతములందు స్వగ్రామమునకు వచ్చెడి యొక యువకుడు, తన మేనమామ దొడ్డిలో చింతచెట్టు క్రింద పదేండ్లుగా నిలిచియున్న మహీంద్రా జీపును ట్రాక్టరుకు కట్టి యీడ్పించుకొని వచ్చెను. చేతిలోని ఫోనులో నొక బొమ్మను జూపి, దీనిని నాలుగంగుళములు పైకి లేపవలెననియు, 31 అంగుళముల టైర్లు తొడుగవలెననియు, ముందర ఉక్కుగొట్టముల బంపరును పైకప్పున దీపముల వరుసయు నమర్చవలెననియు కోరెను. ఉస్తాదు బొమ్మను చూడలేదు. మోకాళ్లమీద వంగి జీపు క్రిందికి చూచెను.

"లేపుడు పెద్ద ముచ్చట గాదు తమ్మీ. లేపినంక గది ఆగాలె గద! బ్రేకులు ఎట్లున్నయో జూసినవా?"

"అవి తర్వాత చూద్దాం ఉస్తాద్. కానీ ఆర్‌సీల ఇవేవీ రాయించుడు ఉండదు గద?"

"రాయిస్తనన్నా రాసుకునేటోడు ఏడున్నడు తమ్మీ?" అని ఉస్తాదు లేచి చేతులు తుడుచుకొనెను.

ఈ రెండు మాటలలో మన దేశపు పాతబండ్ల సమస్య చాలవఱకు ఇమిడియున్నదని నాకు తోచినది. మార్చువాడు చెప్పడు, చూడవలసినవాడు వినడు. మార్పు మాత్రము పగలును రాత్రియు రోడ్డుమీద తిరుగుచునే యుండును. బండ్లను మార్చుకొను యువకులందఱు దుండగులనియు, మార్పులను నిషేధించు శాసనకర్తలందఱు రసహీనులనియు రెండు పక్షములవారు పరస్పరము నిందించుకొనుట వినుచునే యున్నాము. నాకు రెండు పక్షములతోను పేచీ కలదు. మార్పు తప్పు కాదు, దానిని లెక్కకెక్కింపకుండుటయే తప్పని నా యభిప్రాయము.

ఇట్లు చెప్పుటకు నాకు గల అర్హత నా జీపు మాత్రమే. అది 1992లో తయారైనది. ఒక ప్రభుత్వ కార్యాలయమువారు పనికిరాదని వేలము వేయగా 2004లో పాడుకొంటిని. దాని నంబరు ఏపీ 23 అను నక్షరములతో మొదలగును. సిద్దిపేట యింకను మెదకు జిల్లాలో నుండిన నాటి గుర్తది. 2016 అక్టోబరు 11న సిద్దిపేట జిల్లా యేర్పడిన పిమ్మట మా యబ్బాయి కొన్న కారుకు టీఎస్ 36 వచ్చినది. ఇప్పుడు కొనువారికి టీజీ వచ్చుచున్నది. జిల్లా మారి, రాష్ట్రము మారి, అక్షరములు రెండుమార్లు మారినను, మా జీపు మాత్రము ముసలమ్మ తన పాత నగను విడువనట్లు ఆ ఏపీ 23నే ధరించి తిరుగుచున్నది.

జీపు మన పల్లెలకు వాహనముగా రాలేదు, అధికారముగా వచ్చినది. 1940లో అమెరికా సైన్యము నాలుగు చక్రములకును ఇంజను బలము నందించు తేలికబండి కావలెనని కోరగా, బాంటము అను చిన్న కంపెనీ 49 దినములలో నమూనాను నిర్మించి యిచ్చినది. ఆపైన విల్లీసు, ఫోర్డు కంపెనీలవారు యుద్ధము ముగియులోపల ఆరు లక్షలకు పైబడి యట్టి బండ్లను తయారుచేసిరి. మన దేశమున 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్ అను పేర పుట్టిన సంస్థ, భాగస్వామియగు గులాం మహమ్మదు పాకిస్తానునకు వెడలి ఆ దేశపు తొలి ఆర్థికమంత్రి కాగా, 1948లో మహీంద్రా అండ్ మహీంద్రా యయ్యెను. ఆ కాలముననే ముంబయిలో విల్లీసు జీపుల కూర్పునకు దిగెను. 1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకము మొదలై బ్లాకులును, 1959లో పంచాయతీ సమితులును ఏర్పడిన పిమ్మట 'సమితి జీపు' అను మాట తెలుగుపల్లెలలో సర్వసామాన్యమైనది. దుమ్ము లేచినదన్న జీపు వచ్చుచున్నదనియు, జీపు వచ్చినదన్న ఎవరో యొకరు సంతకము పెట్టవలసియున్నదనియు మా చిన్ననాట పెద్దలు గ్రహించెడివారు. పిల్లలమైన మాకు దాని పెట్రోలు వాసనయే పండుగ.

తరువాతి కాలమున అద్దె జీపులు వచ్చినవి. ఆర్టీసీ బస్సు పోని యూళ్లకు అవియే దిక్కు. పదిమంది పట్టు బండిలో ఇరువదిమంది కూర్చుండి, వెనుక నలుగురు వ్రేలాడి, బానెట్టుపై కోడిపుంజుతో నొకరు కూర్చుండి పోవుట కన్నులార చూచినవాడను. అవి చూచుటకు జీపులే గాని వానిలో పెక్కింటికి ముందరి చక్రములకు బలము లేదు. వెనుకచక్రములు తోయుచుండ ముందరివి దారి చూపునంతే. కావున పాతజీపు కొనదలచిన వారెవరైనను మొదట వంగి, ముందరి ఇరుసు నడుమ ఇనుపగుండు ఉన్నదో లేదో చూడవలెను. ఆ గుండు లేనిదానికి ఎన్ని దీపములు తగిలించినను అది గుట్ట యెక్కదు.

నా జీపు 1985లో మొదటిసారి వచ్చిన ఎమ్‌ఎమ్ 540 జాతిది. ప్యూజో వారి నమూనా ననుసరించిన 2112 సీసీ డీజిల్ ఇంజను, 62 అశ్వబలము. నేటి చిన్నకార్లు సైతము దీనిని చూచి నవ్వుకొనదగిన శక్తి. కాని బలము ఎంత యన్నదానికంటె దానిని ఎంత మెల్లగా వాడగలమన్నదే బురదలో ప్రధానము. గేరు కఱ్ఱ ప్రక్కన మఱి చిన్న కఱ్ఱలు కలవు: ఒకటి ముందరి చక్రములకు బలము కలుపును, రెండవది అన్ని గేర్లను మఱింత నెమ్మది చేయును. ఆ నెమ్మది గేరులో క్లచ్ విడిచి కాళ్లు రెండును తీసివేసినను, ఇంజను తన పాటికి తాను గొణుగుకొనుచు మనిషి నడక వేగమున రాళ్లమీద పాకిపోవును. ఇందొక సూక్ష్మము కలదు. మలుపు తిరుగునపుడు ముందరి చక్రములు నడచు దూరము వెనుక చక్రముల దూరముకంటె నెక్కువ. బురదలోను ఇసుకలోను చక్రము కొంత జాఱి ఆ వ్యత్యాసమును సరిచేసికొనును. తారురోడ్డుపై జాఱుటకు వీలులేక ఆ మెలి యంతయు గేర్లలోను షాఫ్టులలోను చుట్టుకొనును. ఫోర్‌వీలు వేసి హైవేపై పోయెడి వీరుని జీపు మలుపున మొరాయించుట యందువలననే. ఈ సంగతి తెలియక గేరుబాక్సు పాడుచేసికొన్నవారిని మా ఉస్తాదు ఏటేట చూచుచునే యుండును. అందువలన అతని పొట్ట గడచుచున్నది గనుక నే నెక్కువ చెప్పరాదు.

జీపులనిన మహీంద్రా ఒక్కటే కాదు. జబల్‌పూరులోని రక్షణశాఖ కర్మాగారమున జపానువారి నిస్సాన్ ప్యాట్రోల్ బండిని లైసెన్సుపై తయారుచేసి 'జోంగా' యనిరి. ఆ పేరు జబల్‌పూర్ ఆర్డినెన్స్ అండ్ గన్‌క్యారేజ్ అసెంబ్లీ అను మాటల తొలియక్షరముల కూర్పు. సైన్యము వదలగా వేలములలో కొన్నవారి దొడ్లలో అవి నేటికిని మొసళ్లవలె పడియున్నవి. అదే నిస్సాను కంపెనీతో కలిసి మన పాత మెదకు జిల్లాలోని జహీరాబాదులో ఆల్విన్ వారు 1980లలో తేలిక లారీలు చేసిరి. ఆ కర్మాగారము తరువాత మహీంద్రావారి చేతికి వచ్చినది. ఇక మారుతీ జిప్సీ 1985 చివర వచ్చి 2019లో ఆగిపోయినది. అది తేలిక, పెట్రోలు, పరుగెత్తును. జీపువారికిని జిప్సీవారికిని నడుమ జరుగు వాదము ఆవకాయ–మాగాయ వాదము వంటిది, ఎన్నటికిని తేలదు.

మా యూరి నేల సంగతి చెప్పక ఈ విషయము పూర్తికాదు. సిద్దిపేట చుట్టును ఎఱ్ఱచెలకలు, నడుమ నడుమ నల్లరేగడి, వాని మధ్య కోట్లయేండ్లుగా నెండకు వానకు గుండ్రబారిన బండరాళ్ల గుట్టలు. ఎండకాలమున ఈ మూటికిని భేదము లేదు. ఏ బండియైనను ఎక్కడికైనను పోవును. తొలకరి పడినంతనే నేల తన కులము చెప్పును. చెలకలో నీరింకి మొరము తేలి చక్రమునకు పట్టు దొరకును. రేగడి యట్లు కాదు. అది టైరు గాళ్లలో నిండి, నిండినదానిపై మఱల నిండి, గాడుల టైరును నున్నని గుండుగా మార్చివేయును. అప్పుడు పదివేల రూపాయల టైరునకును అరిగిన టైరునకును తేడా లేదు. రేగడిలో దిగినవాని నేర్పు ముందుకు పోవుటలో లేదు, దిగకముందే ఆగి కిందికి దిగి కాలితో తొక్కి చూచుటలో నున్నది. గాలి తగ్గించినచో టైరు వెడల్పుగ పఱచుకొని బరువును పంచును. ఇసుకలో ఈ చిట్కా అద్భుతముగ పనిచేయును. అయితే మఱల గాలి నింపు పంపు వెంట నుంచుకొనవలెను. నా మొదటి యేడాది ఈ రెండవ సగము మఱచి, మెత్తటి టైర్లతో ఎనిమిది కిలోమీటర్లు ఎద్దుబండివలె వచ్చితిని.

నేలయే కాదు, నీరును మారినది. కూడవెల్లి వాగు, హల్దీ వాగు మా చిన్ననాట ఎండకాలమున ఇసుకబాటలే. ఊరికి ఊరికి అడ్డదారి ఆ ఇసుకలోనే యుండెడిది. ఇప్పుడు అట్లు లేదు. గోదావరి నీరు ఎత్తిపోతలతో ఈ గట్టుమీదికి వచ్చినది: 2020 ఏప్రిలులో చంద్లాపూరువద్ద 3 టీఎంసీల రంగనాయకసాగరు నిండసాగెను, మరునెలలోనే 15 టీఎంసీల కొండపోచమ్మసాగరు, 2021 ఏప్రిలులో కొండపోచమ్మనుండి హల్దీ వాగులోనికి నీరు వదలిరి, 2022 ఫిబ్రవరిలో 50 టీఎంసీల మల్లన్నసాగరు. వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నము పాఱుచున్న వాగును చూచి మా తండ్రిగారి తరమువారు నమ్మియుండరు. నా జీపు పదునైదేండ్లు నడచిన వేములఘాటు, పల్లెపహాడు, ఏటిగడ్డ కిష్టాపూరుల బండ్లబాటలు మల్లన్నసాగరు నీటి యడుగున నున్నవి. ఆ యూళ్లవారు గజ్వేలు చెంత కొత్తకాలనీలలో నున్నారు. బాట తెలిసినవాడనను గర్వముతో నేడు వాగులో దిగువాడు పాత జ్ఞాపకములోనికి దిగుచున్నాడు గాని వాగులోనికి కాదు. డీజిల్ ఇంజనునకు పెట్రోలు ఇంజనువలె మంటపుట్టించు ప్లగ్గులు లేవు గనుక నీటిలో ఆగదని కొందఱు ధైర్యము చెప్పుదురు. అది సగము నిజము. గాలిగొట్టము ద్వారా నీరు సిలిండరులోనికి పోయెనేని, గాలివలె నీరు నలుగదు. నలుగవలసినది ఇంక కనెక్టింగు రాడ్డే. ఆ మరమ్మతు ఖర్చుతో నొక మంచి యెద్దులజత వచ్చును.

ఇక మార్పుల మాట. ఆ యువకుడు కోరిన నాలుగింటిలో దీపముల వరుసను పక్కన పెట్టుదము. ఎదురువచ్చు మోటారుసైకిలువాని కన్నులు పోగొట్టుట తప్ప దానివలన వేఱు ప్రయోజనమును నేనెఱుగను. గొట్టముల బంపరు సంగతి 2017 డిసెంబరులోనే కేంద్రప్రభుత్వము తేల్చినది. పాదచారులకు ప్రమాదమని వానిని తొలగింపజేయుడని రాష్ట్రములకు వ్రాసెను. జీపు ముక్కు అసలే ఉక్కు. దాని ముందఱ మఱియొక ఉక్కు ఎవరిని కాపాడుటకో నాకు బోధపడలేదు.

టైర్లును ఎత్తును ఆలోచింపదగినవి. 28 అంగుళముల టైరు తీసి 31 అంగుళములది తొడిగినచో, చక్రము ఒక్క చుట్టు తిరిగినపుడు నడచు దూరము సుమారు పదవవంతు పెరుగును. మీటరు 60 చూపునపుడు బండి నిజముగా 66లో పోవుచుండును. ఇంజనునకు ప్రతి గేరు నొక పదవవంతు బరువైనట్లు తోచును. అరువది రెండశ్వములలో ఆఱు తోకముడిచినట్లే. పెద్దచక్రము నాపుటకు పాతడ్రమ్ము బ్రేకు నెక్కువ పట్టవలెను. తడిసిన డ్రమ్ము ఉన్నంతకే పట్టదు. ఎత్తు సంగతి యింతకంటె చిక్కైనది. కమాను పట్టీలు పెంచి పెట్టె నాలుగంగుళములు లేపినచో, ప్రొపెల్లర్ షాఫ్టు వాలు మారి, దాని కొసలలోని క్రాసులు తినుకొనిపోవును; బ్రేకు గొట్టములు సాగి బిగుసుకొనును; స్టీరింగు కఱ్ఱ కోణము మారి, గుంతలో పడినపుడు మనము త్రిప్పకయే బండి త్రోవ త్రిప్పుకొనును. వీనికంటె మిన్నగ, బరువు పైకి పోవును. జీపు అసలే పొట్టి, ఇరుకు, ఎత్తు. అమెరికాలో 1980లో సీజె-5 జీపు మలుపులందు బోల్తాపడు పరీక్షలను టెలివిజనులో చూపగా దేశమంతయు నదరిపోయెను. అది కంపెనీ చేసిన యెత్తులోనే యుండినది సుమా, ఎవరును లేపినది కాదు.

అయితే మార్పులన్నియు నిట్టివేనా? కావు. అసలు లేని సీటుబెల్టులు వేయించుట, తలపై గొట్టముల చట్రము కట్టించుట, ముందర చక్రములకు డిస్కు బ్రేకులు పెట్టించుట, గాలిగొట్టమును కప్పువఱకు లేపుట, వెనుక గట్టి కొక్కెము వేయించుట, ఇవి మార్పులు కావందునా? మా జీపునకు డిస్కు బ్రేకులు పెట్టించిన నాటినుండియే మా యావిడ అందు కూర్చుండుటకు సమ్మతించినది. ప్యూజో ఇంజను సామాను దొరకక మహీంద్రావారిదే తరువాతి డీజిల్ ఇంజను దించి పెట్టుకొన్నవారు ఎందఱో కలరు. మఱికొందఱు జపాను ఇంజన్లు ముంబయి పాతసామాను బజారునుండి తెప్పించి, ఇనుపపట్టీలతో కట్టి నడుపుచున్నారు. ఈ రెంటికిని భూమ్యాకాశముల దూరము కలదు. ఆ దూరమును చూడగల కన్ను ఉస్తాదుకు కలదు, చట్టమునకు లేదు.

1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ విభాగము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు మొదట నిర్దేశించిన వానికి భిన్నమగునట్లు ఏ యజమానియు బండిని మార్చరాదని చెప్పుచున్నది. ఇంధనము మార్చు కిట్లకు మినహాయింపు కలదు. 2019 జనవరి 9న సర్వోన్నత న్యాయస్థానము కేరళనుండి వచ్చిన జయచంద్ర కేసులో ఈ నియమమును కఠినముగనే వ్యాఖ్యానించెను. ఆ యేడే చట్టమును సవరించి, అనుమతిలేని మార్పునకు ఆఱు నెలలవఱకు కారాగారమో, ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానాయో, రెండునో విధింపవచ్చుననిరి. 'మౌలిక స్వరూపమును మార్చునదియే మార్పు' అని చట్టమే నిర్వచించినది. మౌలిక స్వరూపమన నేమియో చెప్పుట కార్యాలయములోని వ్యక్తి పని. అందుచేత అతడు తన మెడమీదికి తెచ్చుకొనక, అన్నిటికిని కాదనుటయే క్షేమమని తలచును. న్యాయస్థానము మాట నాకు శిరోధార్యమే. రహదారిలో తిరుగు ప్రతివాని ప్రాణము ముందు నా సరదా తృణప్రాయము. కాని కాదనుటతో మార్పులు ఆగినవా? ఆగలేదు, చాటునకు పోయినవి. పరీక్షనాడు కంపెనీటైర్లు ఎరువు తెచ్చి తొడిగి, సాయంత్రము మఱల పెద్దవి వేసికొనుట నేనెఱిగిన విద్యయే.

కాలక్రమమును చూడుడు. కొన్న పదునైదేండ్లకు రిజిస్ట్రేషను ముగియును. ఆపైన ఐదేసి యేండ్లకు పరీక్ష చేయించి పొడిగించుకొనవలెను. 2022 ఏప్రిలులో కార్లు, జీపుల కీ రుసుము 600నుండి 5,000కు పెరిగినది; దానిని నేను తప్పుపట్టను. 2021 జూలైలో కేంద్రప్రభుత్వము ఏబదియేండ్లు దాటిన బండ్లను ప్రాచీన వాహనములుగా గుర్తించి, వానికి వీఏ యక్షరములతో వేఱు నంబరు నిచ్చు నియమము చేసినది. అయితే చట్రము, పెట్టె, ఇంజను మారియుండరాదు, నిత్యము రోడ్డుమీద తిప్పరాదు. అనగా పదునైదేండ్లకు బండి అనుమానితము, ఏబదియేండ్లకు వారసత్వ సంపద. నడుమనున్న ముప్పదియైదేండ్లు అది యేమి? ఆ ముప్పదియైదేండ్లలోనే దానికి విడిభాగములు దొరకవు. ఆ ముప్పదియైదేండ్లలోనే ఏదో యొకటి మార్చక నడువదు. దానిని మార్చకుండ నడపుమనువాడు మ్యూజియమునందు చూచినవాడేగాని, రేగడిలో చూచినవాడు కాడు. ఏబదియేండ్లకు గౌరవింపబడుటకై నలువదేండ్లప్పుడు తుక్కుగ అమ్ముడుపోకుండ నిలువవలెను గదా!

ఇతరదేశములందు దీనికి త్రోవ వెదకినవారు కలరు. బ్రిటనులో పెక్కేండ్లు నడచిన పద్ధతిలో ఒక లెక్క యుండెడిది: పాత చట్రము మిగిలినచో 5 గుర్తులు, కమానులు, ఇరుసులు, గేరుబాక్సు, స్టీరింగు ఒక్కొక్కదానికి 2, ఇంజనునకు 1, ఎనిమిది నిలిచినచో బండి తన పాత నంబరును నిలుపుకొనును. ఇంజను ఒకటే గుర్తని గమనింపుడు. అది మారునని వారికి తెలిసియే అట్లు చేసిరి. జర్మనీలో మార్పును ఇంజనీరు పరీక్షించి పత్రములో చేర్చును. చేర్చినది న్యాయము, చేర్చనిది నేరము. మనకు ఇట్టి లెక్కలు అలవాటు లేనివి కావు. చెఱువు కట్టకు మరమ్మతు చేసినచో అంచనాలు, కొలతల పుస్తకము, ఇంజనీరు సంతకము కావలెనందుము. చెఱువుకట్టపై తిరుగు జీపునకు మాత్రము కొలతల పుస్తకము లేదు. ప్రతి జిల్లాకొక పరీక్షాకేంద్రమున, ఆపుదూరము కొలిచి, స్టీరింగు కదలిక చూచి, ఎత్తు కొలిచి, అంగీకృతమైన మార్పులను పత్రము వెనుక వ్రాయు పద్ధతి పెట్టినచో, గొట్టముల బంపరు వాడు తిరస్కృతుడగును, డిస్కు బ్రేకులవాడు బయటపడి తిరుగును. ఇప్పుడు ఇద్దఱును చీకటిలో సమానులే.

లెక్క అనునది బండికే కాదు, అది త్రొక్కు నేలకును కావలెను. ఇచ్చట నా తప్పు నొకటి చెప్పవలసియున్నది. కొన్నేండ్ల క్రిందట ఆషాఢమాసమున ముగ్గురు మిత్రులతో మా ప్రాంతపు చెఱువొకదాని శిఖములో దిగితిని. నీరు తీసిన చెఱువు శిఖము పచ్చికపఱచిన మైదానమువలె కనబడును. పైపొర ఎండి, అడుగున రేగడి పాయసమువలె నుండును. నలువది గజములు పోగానే నాలుగు చక్రములును నాలుగు బావులు త్రవ్వినవి. నెమ్మదిగేరులో ముందుకు వెనుకకు ఊపుటలో ఆ బావులు కాలువలైనవి. ఆ కాలువలలో నొకటి ఒక రైతు దోసపాదుల ఒడ్డును తెంపినది. అతడు వచ్చి చాలసేపు మౌనముగా చూచి, ట్రాక్టరు తెచ్చి, గొలుసు కట్టి, బయటికి లాగెను. డబ్బీయబోగా పుచ్చుకొనక, "నీ జీపుకు నాలుగు చక్రాలు తిరుగుతయని నా ఒడ్డెందుకు తెంపినవు సారూ?" అనెను. మరునాడు ఇద్దఱు కూలీలతో పోయి ఒడ్డు కట్టించితిని. అతడు చూచెను గాని పలుకరింపలేదు.

నేడు ఆదివారపు బండ్ల గుంపులు చెఱువుకట్టలమీదికిని, మత్తడులమీదికిని, వాగుల యొడ్డులకును పోవుచున్నవి. అనంతగిరి వంటి యడవులలోనికి సైతము పోవుచున్నారు. కట్ట ఎవరిది కాదనిన ఎవరిదైనను కావచ్చునను భావము కలదు. కట్ట మట్టిది, దానిమీద టైరు గాడి పడినచో వాననీరు ఆ గాడివెంట దిగి, మొదటియేట వేలెడు, రెండవయేట మూరెడు కోయును, మూడవయేట గండి పడినపుడు జీపు ఎక్కడ నుండునో గండి క్రింది మడి రైతుకు తెలియదు. 2015లో మిషన్ కాకతీయ పేర చెఱువుల పూడిక తీసి, కట్టలు బలపఱచుటకు ఎంత ధనము, ఎంత శ్రమ ఖర్చైనదో చూచినవారము. సాహసమునకు స్థలము లేదనను. గుట్టల అంచున దున్నుటకు పనికిరాని పట్టాభూములు ఎకరముల కొలది పడియున్నవి. వాని యజమానులకు రోజుకింతయని చెల్లించి, గ్రామపంచాయతీకి తెలిపి, వెంట రెండు బండ్లును ఒక ట్రాక్టరును నుంచుకొని, చీకటి పడకముందు తిరిగి రావచ్చును. బండరాళ్లమీద టైరుగాడి పడదు. ఆ భూమినుండి ఏటా ఒక గంపెడు రేగుపండ్లు తప్ప ఏమియు రాని ఆసామికి నాలుగు డబ్బులు వచ్చును. దానికన్న ఉత్తమమైన పరీక్షాస్థలమును నేనెఱుగను: బండ నీ టైరునకు కోపగించుకొనదు, రేగడివలె మోసగింపదు, జాఱితివేని జాఱితివని వెంటనే చెప్పును.

ఆ యువకుని జీపు సంగతి. ఉస్తాదు అతనితో బేరమాడి, లేపుట నాలుగంగుళములనుండి ఒకటిన్నరకు దింపి, టైర్లు 29కి దింపి, మిగిలిన ధనము బ్రేకులలోను క్రాసులలోను పెట్టించెను. దీపముల వరుస అతడు వినలేదు. అది వయసు చేయించు ఖర్చు.

నా జీపునకు గత మాఘమాసముతో ఐదేండ్ల గడువు తీరినది. బడిపిల్లలవలె నలువదిపేజీల నోటుపుస్తకము నొకటి కొని, 2004నుండి దానికి చేసిన ప్రతి మార్పును ఉస్తాదు చెప్పుచుండ నేను వ్రాసితిని: ఏ నెలలో, ఏ సామాను, ఎక్కడ కొన్నది, ఎవరు బిగించినది, పాతది ఏమైనది. ఎడమచేతి బ్రేకుగొట్టము మూడుమార్లు మారినదని వ్రాసికొనువఱకు నాకును తెలియదు. ఆ పుస్తకము తీసికొని పరీక్షకు పోతిని. అచ్చటి యువ అధికారి మర్యాదస్తుడు. పుస్తకము ఆమూలాగ్రముగా త్రిప్పి చూచి, ఇట్టిది చేర్చుటకు మా ఫారములో గడి లేదు సారూ అని చెప్పి, నాకే తిరిగి యిచ్చివేసెను. నేను జీపు వైపు నడచుచుండగా, వెనుకనుండి పిలిచి ఆగుమని, బల్లసొరుగులోనుండి టార్చి తీసికొని వచ్చి, తెల్లచొక్కాకు దుమ్మంటునను ధ్యాస లేక నేలమీద మోకాలూని, ముందరి చక్రము వెనుకనున్న ఆ బ్రేకుగొట్టము మీదికి వెలుగు వేసెను.